కాలువ గట్టు మీద నెమ్మది నడక



ఓ.పి.లో డాక్టరు గారు చీటీ రాసి ఇచ్చేటప్పుడు చివర్లో ఒక మాట తప్పకుండా అంటారు: "రోజూ కాసేపు నడవండి." మీరు తల ఊపి బయటకు వస్తారు. వచ్చాక మందుల కిటికీ దగ్గర మమ్మల్ని పట్టుకుని అసలు ప్రశ్న అడుగుతారు: "ఎక్కడ నడవమంటారు సిస్టరమ్మా?" ఈ ప్రశ్నను సాకు అని మేము ఎప్పుడూ అనుకోలేదు. రోడ్డు మీదకు వస్తే లారీలు, సందులోకి వెళితే కుక్కలు. ఆడవాళ్ళు చీర కుచ్చిళ్ళు ఎగదోపి నాలుగు అడుగులు వేస్తే అరుగుల మీద కూర్చున్న వాళ్ళంతా తేరిపార చూస్తారు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు స్టేడియంలో కుర్రాళ్ళతో పాటు తిరగాలంటే సిగ్గు. అందుకని ఈ నెల ఏ జబ్బు గురించీ కాకుండా ఒక చోటు గురించి రాస్తున్నాం. అది బకింగ్‌హామ్ కాలువ గట్టు.

ఒంగోలు నుండి కొత్తపట్నం బీచికి వెళ్ళిన వాళ్ళంతా ఈ కాలువను దాటిన వాళ్ళే. వంతెన మీద బస్సు రెండు క్షణాల్లో దాటేస్తుంది, కిటికీలోంచి చూసిన వాళ్ళకు కింద మడుగులా నీళ్ళు కనబడతాయి, అంతే. పిల్లలకు సముద్రం ఎప్పుడు వస్తుందా అనే ధ్యాస, పెద్దవాళ్ళకు తెచ్చుకున్న పులిహోర డబ్బా మీద ధ్యాస. వంతెన దగ్గర దిగిపోయి గట్టు పట్టుకుని నడుద్దామని ఎవరికీ తోచదు. పోయిన చలికాలం మా నర్సులు కొందరం, షుగరు క్లినిక్‌కు వచ్చేవారు కొందరు కలిసి కొన్ని శనివారాలు అక్కడికి వెళ్ళాం. మొత్తం పది పన్నెండు మంది, అందులో సగం మంది అరవై దాటినవారు.

పొద్దున ఆరున్నరకు అక్కడ ఏముంటుందో చెబుతాం. గాలిలో ఉప్పు వాసన. ఒకవైపు తాటిచెట్లు, దూరంగా సరుగుడు తోటలు, మరోవైపు రొయ్యల చెరువులు, వాటిలో తిరిగే చక్రాల చప్పుడు. కాస్త దూరం నడిస్తే ఆ చప్పుడు కూడా వెనకబడిపోతుంది. బురదలో చిన్న చిన్న పీతలు మన అడుగు చప్పుడుకు బొరియల్లోకి దూరతాయి. కరెంటు తీగ మీద లకుముకిపిట్ట, లోతు తక్కువ నీళ్ళలో కొంగలు. ఎవరో ఒకరు మొలలోతు నీళ్ళలో నిలబడి విసురువల వేస్తుంటారు. ఈ కాలువ నీళ్ళకు ఒక తమాషా ఉంది. మామూలు సాగు కాలువలా ఎప్పుడూ ఒకే వైపు పారవు. సముద్రం పోటు మీద ఉంటే ఒక దిక్కుకు, పాటు మీద ఉంటే మరో దిక్కుకు కదులుతాయి. మేము వెళ్ళేటప్పుడు మాతో పాటు వచ్చిన ఎండు తాటాకు ఒకటి, తిరిగి వచ్చేటప్పుడు కూడా మా వెంటే రావడం చూసి మాలో పెద్దావిడ ఒకరు "దీనికి కూడా డాక్టరు గారు నడవమని చెప్పాడేమో" అన్నారు.

గట్టు మీద నడవడం కొత్త సంగతి కాదు. పడవలను తాళ్ళతో లాగే మనుషులు ఒకప్పుడు ఈ గట్ల మీదే నడిచారు. గాలి అనుకూలంగా ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద మనిషి భుజం. 19వ శతాబ్దం మొదట్లో మద్రాసు దగ్గర చిన్న కాలువగా మొదలై, ముక్కలు ముక్కలుగా ఉత్తరానికి, దక్షిణానికి పెరిగి, చివరకు పెదగంజాం నుండి తమిళనాడులోని మరక్కాణం వరకు సుమారు 420 కిలోమీటర్ల జలమార్గం అయింది. అందులో సగం పైన మన రాష్ట్రంలోనే ఉంది. పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువతో కలవడం వలన కృష్ణా డెల్టా నుండి మద్రాసు దాకా పడవ మీద వెళ్ళే వీలు కలిగింది. ఉప్పు, ధాన్యం, వంటచెరకు, మనుషులు అందరూ దీని మీదే ప్రయాణం చేశారు. తర్వాత రైలు వచ్చింది, లారీలు వచ్చాయి. 1965-66లోనూ, 1976లోనూ వచ్చిన తుపానుల్లో కాలువ బాగా దెబ్బతింది. అక్కడక్కడ పూడిపోయింది. 2008లో దీన్ని కూడా కలుపుకొని కాకినాడ నుండి పుదుచ్చేరి వరకు 4వ నంబరు జాతీయ జలమార్గంగా ప్రకటించారు గాని, మేము నడిచే చోట మాత్రం చేపల దోనెలు తప్ప మరేమీ కనబడలేదు. మాకు కావలసిన నిశ్శబ్దం మాత్రం దొరికింది.

ఈ కాలువకు 'బకింగ్‌హామ్' అనే పేరు 1878లో వచ్చింది. అప్పటి మద్రాసు గవర్నరు పేరు అది. అయితే తవ్విన వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. 1876 నుండి 78 వరకు మద్రాసు రాజధాని అంతటినీ పీడించిన కరువులో, తినడానికి లేని జనానికి కూలి ఇచ్చే పనిగా ప్రభుత్వం ఈ కాలువ తవ్వకాన్ని పెట్టింది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గారు మిషనరీ కాక ముందు సర్వే పని నేర్చినవారు. ఆయన ఈ కాలువలో మూడున్నర మైళ్ళు తవ్వించే కాంట్రాక్టు తీసుకున్నారు. తాటాకు గుడిసెలతో ఒక మకాం వేసి, తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టి, కూలి సరిగ్గా చేతికి అందేటట్టు చూశారు. పల్లెల నుండి ఎముకల గూడుగా వచ్చిన వాళ్ళు గడ్డపార పట్టుకుని మట్టి తవ్వారు, ఆడవాళ్ళు తట్టలు మోశారు. కాసేపు అలుపు తీర్చుకోవడానికి కూర్చున్నప్పుడు బోధకులు వాళ్ళ పక్కన కూర్చుని మాట్లాడేవారు. కరువు సాయం పంచుతున్నన్నాళ్ళు ఆయన బాప్తిస్మాలు ఇవ్వలేదనీ, ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారనీ మన సంఘాల్లో పెద్దలకు తెలిసిందే.

మేము ఆ సంగతిని మరో కంటితో కూడా చూస్తాం. ఆకలితో బలం తగ్గిన శరీరాలు ఒకేచోట గుమిగూడితే ఏమవుతుందో నర్సులకు చెప్పనక్కర లేదు. ఆ కరువు వెంట కలరా వచ్చింది. మంచినీళ్ళను, మరుగును వేరుగా ఉంచుకునే వీలులేని మకాముల్లో అది ఎలా పాకి ఉంటుందో ఊహించగలం. అప్పట్లో ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళతో ప్రాణం నిలబెట్టవచ్చని ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఓ.ఆర్.ఎస్. పొట్లం ప్రతి ఇంట్లో ఉండాలని మేము వేధించేది అందుకే. మాతో నడిచే పెద్దాయన ఒకరు గట్టు మీద ఒకచోట ఆగి, చేతికర్రతో నేల తట్టి, "మా తాత వాళ్ళ నాయన ఇక్కడ మన్ను మోశాడంట, మా అవ్వ చెప్పేది" అన్నారు. ఎక్కడ మోశాడో ఆయనకు తెలియదు. కానీ ఆ రోజు ఆయన ముందు వారం కన్నా ఎక్కువ దూరం నడిచారు.

ఇక నడక సంగతి. నెమ్మదిగా నడిస్తే లాభం లేదనీ, చెమటలు కారేటట్టు నడిస్తేనే నడక అనీ చాలామంది అనుకుంటారు. ఫోనులో రోజుకు పదివేల అడుగులు లెక్కపెట్టి, తొమ్మిదివేల దగ్గర ఆగితే ఆ రోజు పాడైపోయినట్టు బాధపడే వాళ్ళను కూడా చూస్తున్నాం. ఆ పదివేల లెక్క ఎక్కడి నుండి వచ్చిందో చెబుతాం. 1965లో జపానులో అడుగులు కొలిచే పరికరం ఒకటి అమ్మకానికి వచ్చింది, దాని పేరుకే పదివేల అడుగుల మీటరు అని అర్థం. అక్కడి నుండి ఆ అంకె లోకమంతా పాకింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన మాట వేరు. పెద్దవారు వారానికి 150 నుండి 300 నిమిషాలు ఒక మోస్తరు వేగంతో శ్రమ చేయాలి. ఒక మోస్తరు అంటే, నడుస్తూ మాట్లాడగలగాలి గాని పాట పాడలేకపోవాలి. అది కుదరని వారికి కొంచెం చేసినా అసలు చేయకపోవడం కన్నా మేలు. ఒకేసారి పది నిమిషాలైనా నడవాలనే పాత నియమం కూడా ఇప్పుడు లేదు. ఐదు నిమిషాలు నడిచి, కూర్చుని, మళ్ళీ ఐదు నిమిషాలు నడిచినా లెక్కలోకి వస్తుంది.

కాలువ గట్టు మీద మేము నడిచేది అలాగే. మైలురాయి మీద, తాటిమొద్దు మీద కూర్చుంటూ, లేస్తూ గంటలో రెండు కిలోమీటర్లు అయితే గొప్ప. మోకాళ్ళు అరిగిన వాళ్ళకు నడక పనికిరాదనేది కూడా నిజం కాదు. కదలకపోతే తొడ కండ బలం తగ్గి మోకాలి మీద బరువు ఇంకా పెరుగుతుంది. చేతికర్ర పట్టుకోవాలంటే నొప్పి ఉన్న కాలి వైపు కాకుండా రెండో వైపు చేత్తో పట్టుకోవాలి. ఈ ఒక్క సంగతి చెప్పినందుకే ఒక మామ్మగారు మమ్మల్ని దీవించారు. ఆవిడ ఆరేళ్ళుగా తప్పు చేత్తో పట్టుకుంటున్నారు. షుగరు ఉన్నవారికి భోజనం తర్వాత పది, పదిహేను నిమిషాల నడక ఇంకా మంచిది. తిన్న వెంటనే రక్తంలో పెరిగే చక్కెరను నడిచే కండరాలు వాడుకుంటాయి. దానికి కాలువ దాకా రానక్కర లేదు, మీ వాకిలి చాలు.

ఇప్పుడు మా మనసులో అన్నిటికన్నా బరువుగా ఉన్న సంగతికి వస్తాం. కాలువ గట్టు మీద సర్కారు తుమ్మ విపరీతంగా పెరిగింది. దాని ముల్లు అంగుళం పైన ఉంటుంది, హవాయి చెప్పును సూటిగా దూసుకుని వస్తుంది. మామూలు మనిషికి గుచ్చుకుంటే అబ్బా అని కూర్చుని, పీకి పారేసి, రెండు తిట్లు తిట్టి లేస్తాడు. షుగరు వలన కాళ్ళలో స్పర్శ పోయిన మనిషికి ఆ 'అబ్బా' రాదు.

మా వార్డుకు చేపల గంప మోసుకుని ఊళ్ళు తిరిగే ఒక అమ్మ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. షుగరు ఎన్నేళ్ళుగా ఉందో ఆవిడకే తెలియదు. ఒక సాయంత్రం ఇంట్లో సిమెంటు నేల మీద తడి అడుగులు పడుతుంటే కూతురు చూసింది. నీళ్ళేమో అనుకుంది. వాసన వచ్చింది. అరికాలు తిప్పి చూస్తే చిన్న నల్లటి మచ్చ, దాని చుట్టూ మెత్తగా వాపు. మేము శుభ్రం చేస్తుంటే లోపల విరిగిపోయిన ముల్లు ముక్క దొరికింది. ఆ ముల్లు మీద ఆవిడ ఎన్ని రోజులు, ఎన్ని మైళ్ళు నడిచిందో. "నొప్పి లేదు గదమ్మా, ఏముంటదిలే అనుకున్నా" అంది. చీము ఎముక దాకా వెళ్ళింది. రెండు వేళ్ళు తీసేయవలసి వచ్చింది. పాదం నిలబడింది, అది మాకు సంతోషం. వారాల తరబడి కట్లు కట్టాం. గంప లేని ఆ రోజుల్లో ఇల్లు ఎలా గడిచిందో ఆ కూతురు ముఖం చూస్తే తెలిసేది.

నొప్పి ఉన్న పుండు కన్నా నొప్పి లేని పుండుకు మేము ఎక్కువ భయపడతాం. పూర్వం కుష్ఠురోగుల పాదాలకు సేవ చేసిన మిషను ఆసుపత్రుల నర్సులకు ఈ పాఠం బాగా తెలుసు. వారి కోసం తయారైన మెత్తటి ఎం.సి.ఆర్. రబ్బరు చెప్పులనే ఈనాడు షుగరు రోగులకు కూడా ఇస్తున్నాం. లోపల మెత్తగా, కింద ముల్లు దిగని గట్టి అట్టతో, మడమ వెనక పట్టీతో ఉంటాయి. అందంగా ఉండవు. పెళ్ళికి వేసుకోమని మేమూ అనం. కానీ గట్టు మీదకు అవి లేకుండా వస్తామంటే మాత్రం ఒప్పుకోం. బూట్లు వేసుకునే వారు మేజోళ్ళతో వేసుకోవాలి, వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి చూడాలి. మావారు ఒకసారి చూస్తే అందులో మనవడు వేసిన గోలీ దొరికిందని ఒకావిడ చెప్పారు. స్పర్శ లేని కాలికి ఆ గోలీ ఒక్క పూటలో పుండు చేసిపెట్టగలదు.

నడిచి ఇంటికి వచ్చాక కాళ్ళు గోరువెచ్చటి నీళ్ళతో కడగండి. వేడి చేత్తో కాదు, మోచేత్తో చూడండి. లేకపోతే స్పర్శ ఉన్న ఇంట్లో వాళ్ళను చూడమనండి. వేళ్ళ సందులు పొడిగా తుడవండి. అరికాలు కనబడకపోతే నేల మీద అద్దం పెట్టి చూసుకోండి, చూపు ఆనని వారు మనవళ్ళను పిలవండి. ఆనెలను బ్లేడుతో కోసుకోవద్దు. ఎరుపు, బొబ్బ, చిన్న గాటు ఏది కనబడినా మరునాడే రండి. ధనుర్వాతం సూది ఎప్పుడు వేయించుకున్నారో చెప్పండి. పుండు ఉన్న కాలుతో నడకకు రావద్దు, అది మానాకే నడక. పుండు ఉన్న కాలిని ఆ కాలువ నీళ్ళలో ముంచడం కూడా వద్దు. ఉప్పు నీళ్ళు కదా, మానుతుందని కొందరు అంటారు. రొయ్యల చెరువుల నీరు, ఊళ్ళ మురుగు కలిసే నీటిలో ఉప్పు ఒక్కటే ఉండదు.

మిగిలినవి త్వరగా చెబుతాం. ఇన్సులిన్ గాని, షుగరు బిళ్ళలు గాని వాడేవారు ఖాళీ కడుపుతో బయలుదేరవద్దు. జేబులో గ్లూకోజు పొడి గాని, పంచదార పొట్లం గాని ఉంచుకోండి. చెమట, వణుకు, కళ్ళు తిరగడం వస్తే కూర్చుని మూడు చెంచాలు తినండి. పావుగంటలో తగ్గకపోతే మళ్ళీ తిని, పక్కవారికి చెప్పండి. ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లేక దవడ లాగడం వస్తే అక్కడే ఆగాలి, 108కి ఫోను చేయాలి. కొంచెం దూరం నడవగానే పిక్క పట్టేసి, నిలబడితే తగ్గి, మళ్ళీ నడిస్తే పట్టేస్తుంటే అది వయసు వలన కాదు. కాలికి రక్తం సరిగా అందకపోవడం కావచ్చు. చుట్ట, బీడీ తాగేవారు ముఖ్యంగా ఈ సంగతి దాచవద్దు. గట్టు మీద పాములు ఉంటాయి. పొదల్లో కాలు పెట్టకుండా దారి మధ్యలో నడవండి. కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం, ఆకు పసరు ఏదీ వద్దు. కరిచిన కాలును కదలనివ్వకుండా వెంటనే విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తీసుకురండి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ ఎక్కాక అటు వెళ్ళవద్దు. ఒంటరిగా ఎప్పుడూ వెళ్ళవద్దు.

ఆ కాలువ గురించి ఇంకొక్క సంగతి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, ఒడ్డు దాటి వచ్చిన నీటిని మన తీరంలో చాలాచోట్ల ఈ కాలువే పట్టుకుందనీ, దాని పడమటి వైపు ఊళ్ళకు వేగం తగ్గిందనీ తర్వాత శాస్త్రవేత్తలు రాశారు. ఎవరూ వాడని కాలువ ఆ పని చేసింది. ఇప్పుడు దాని గట్టు కొన్నిచోట్ల రొయ్యల చెరువుల కట్టల్లో కలిసిపోతోంది, కొన్నిచోట్ల ముళ్ళకంచె అడ్డం వచ్చి మేము వెనక్కి తిరగవలసి వచ్చింది. వంతెన దగ్గర విస్తరాకుల ప్లేట్లు, సీసాలు గుట్టలుగా ఉన్నాయి. పగిలిన సీసా పెంకు కూడా స్పర్శ లేని కాలికి ముల్లుతో సమానమే. బీచికి వెళ్ళి వచ్చే సంఘ యువకులు ఈసారి ఒక పూట వంతెన దగ్గర ఆగి ఆ సీసాలు ఏరి సంచుల్లో కట్టి తీసుకురాగలిగితే, వారికి గట్టి చేతి తొడుగులు మేము ఇస్తాం.

ఆ చేపల అమ్మ ఈమధ్య మాతో వస్తోంది. గంప ఇప్పుడు కూతురు మోస్తోంది. నీళ్ళు చూసి ఇది పోటో పాటో, ఏ చేప పడుతుందో ఆవిడే మాకు చెబుతోంది.

ఈ చలికాలం కూడా శనివారాల్లో వెళ్తాం. పొద్దున ఆరు గంటలకు ఆసుపత్రి గేటు దగ్గరకు టిఫిను చేసి రండి, నీళ్ళ సీసా, చేతికర్ర తెచ్చుకోండి. గుండెకు స్టెంటు వేయించుకున్నవారు, పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవారు డాక్టరు గారితో ఒక మాట రాయించుకుని రావాలి. మొదటిసారి వచ్చేవారు ముందురోజే డ్రెస్సింగు గదికి వస్తే, నైలాను తీగతో అరికాలి స్పర్శ చూసి చెబుతాం. రెండు నిమిషాల పని, నొప్పి ఉండదు. ఆటో ఎక్కే ముందు అందరి చెప్పులూ తిరగేసి చూస్తాం, కోపగించుకోకండి.